మోకు రెండో కొస

పలాసలో మా అబ్బాయి ఇంటికి ఎదురుగా జీడిపప్పు వ్యాపారి ఒకాయన కొత్తగా మేడ కట్టాడు. మేడ కట్టాక గేటు పెట్టించాడు, గేటు పెట్టాక కుక్కను తెచ్చాడు, కుక్కను తెచ్చాక గొలుసు కొన్నాడు. మొన్న నేను అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే, ఆ కుక్క పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళ దాకా అరుస్తూనే ఉంది. ఆయన బయటికి వచ్చినప్పుడు, కాసేపు విప్పకూడదా నాయనా అని అడిగాను. "విప్పితే మనుసులకి మరిగిపోద్ది మామ్మా. మనుసులకి మరిగిన కుక్క ఎవుడొచ్చినా తోకాడిత్తాది. ఇంక కాపలా ఏటి కాత్తాది?" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. ఇదే మాట, అక్షరం పొల్లు పోకుండా, ఉద్దానంలో మా మామగారి నోట విని యాభై ఏళ్ళు దాటింది. మనుషులు పోతారు గానీ వాళ్ళ మొండి మాటలు మాత్రం ఆస్తిలాగా ఎవరో ఒకరికి దక్కుతూనే ఉంటాయి కాబోలు.

నా పెళ్ళి జర్మనీ యుద్ధం ఆగిన కొత్తలో జరిగింది. నాకప్పటికి పదహారు నిండాయి, అంటే ఆ రోజుల లెక్కకు ముదురు పెళ్ళికూతుర్నే. పుట్టిల్లు టెక్కలి. మా నాన్నకు రెండెడ్ల బండి ఒకటుండేది, నౌపడ నుంచి ఉప్పు తోలేవాడు. ఆ బండి కింద, ఇరుసు నీడలో పరిగెత్తే కుక్క ఎర్రోడు. పొద్దున్న టెక్కలి నుంచి నౌపడ, సాయంత్రం నౌపడ నుంచి టెక్కలి. దారిలో కనిపించిన ప్రతి బండివాణ్నీ పలకరించి, ప్రతి ఎద్దునూ వాసన చూసి, ఇంటికొచ్చాక నా చేతి గంజి తాగి పడుకునేవాడు. వాడు ఒక్క మనిషిని కూడా కరిచిన పాపాన పోలేదు. నన్ను అత్తారింటికి సాగనంపిన రోజున సారె బండి వెనక ఎర్రోడూ బయలుదేరాడు. మా నాన్న రెండుసార్లు రాళ్ళు విసిరి తరిమాడు. మూడోసారి విసరడానికి ఆయనకు చెయ్యి రాలేదు. అలా అరిసెలు, లడ్డూలు, కావిడిపెట్టెతో పాటు కుక్కను కూడా సారె తెచ్చిన కోడలిగా ఉద్దానంలో నాకు పేరొచ్చింది.

మా అత్తారి ఊరు అక్కుపల్లికి దగ్గర. ఇంటి చుట్టూ కొబ్బరితోట, ఆ వెనక మొగలి పొదలు, ఆపైన ఇసక, ఆపైన సముద్రం. మామగారు పెద్ద రైతు, మాట తక్కువ మనిషి. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు. ఎర్రోణ్ని చూడగానే, "కుక్కొచ్చింది మంచిదే, తోటకి కాపలా కావాల," అని పీచు తాడు తెప్పించి పనసచెట్టుకు కట్టించారు. "విప్పితే మనుసులకి మరిగిపోద్ది, ఇంక కాపలా ఏటి కాత్తాది?" అన్నారు. పగలు కట్టేసిన కుక్క చీకటి పడ్డాక పులి అవుతుందని వాళ్ళ నమ్మకం. ఊరంతా అలాగే కట్టేది. నేను కొత్త కోడలిని, నోరెత్తడానికి లేదు. వాడు పనసచెట్టు దగ్గర, నేను వంటింట్లో. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలూ మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ అరిచారంటే ఎర్రోడే, ఎందుకంటే నాకు ఆ వీలు కూడా లేదు.

నాలుగో నెలలో అనుకున్నంతా అయింది. కొబ్బరికాయలు దింపే అతను భుజాన చెట్టెక్కే మోకుతాడు వేసుకుని తోటలోకి వచ్చాడు. ఎర్రోడు తాడు తెంపుకుని వెళ్ళి అతని పిక్క పట్టేశాడు. రక్తం ధార కట్టింది. నా పుట్టింటి కుక్క, నా చేతి గంజి తాగిన కుక్క ఆ పని చేసిందంటే నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. అతను, "బాబూ, ఆ కుక్కున్నంతకాలం నీ తోటలో అడుగెట్టను," అనేసి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. చెట్టెక్కేవాడు రాకపోతే కాయ చెట్టు మీదే ఎండిపోతుంది. మామగారు ఆ మధ్యాహ్నమే తేల్చేశారు. "వొచ్చే దింపుకి ఆడు తోటలోకొచ్చి సెట్టెక్కాల. కుక్క ఆడి జోలికి పోకూడదు. నేదంటే ఎలుగుల్ని కొట్టే తుపాకీ ఆయనకి కబురెడతాను." దింపుకీ దింపుకీ మధ్య నలభై రోజులు. అదే ఎర్రోడికి గడువు.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆవిడ మామగారికి అప్ప, అంటే అక్క. భర్త పోయాక పుట్టింట్లోనే ఉండిపోయింది. తాటిచెట్టంత మనిషి, గొంతు కూడా ఆ ఎత్తులోనే ఉండేది. కుక్కలంటే ఆవిడకు ప్రేమేమీ లేదు. ఎర్రోణ్ని ఎప్పుడూ "ఈ సచ్చినోడు" అనేది. కానీ ఏదైనా పని కాదని ఎవరన్నా అంటే అది చేసి చూపించేదాకా ఆవిడకు అన్నం సయించేది కాదు. ఆ సాయంత్రం నేను పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే వచ్చి, నా పక్కన కాదు, ఎర్రోడి పక్కన కూలబడింది. మెడలో మిగిలిపోయిన తాడు ముక్క పైకెత్తి చూసి, "ఓలమ్మో!" అంది. పీచు కోసుకుపోయి మెడ చుట్టూ పుండు. పురుగు పట్టడానికి సిద్ధంగా ఉంది.

"కోడలా, నానొకటి సూసినాను. ఉప్పమ్మేది వొచ్చినప్పుడు ఈడు మొరగలేదు. దూడ తాడట్టుకుని పాలోడొచ్చినప్పుడు గుర్రుమన్నాడు. నూతి చేద మారుద్దామని తాడు భుజానేసుకుని తమ్ముడు వొచ్చినప్పుడూ గుర్రే. ఈడికి మనుసుల మీద కాదే కోపం, తాడు మీద!" అంది.

అప్పుడు నాకు వెలిగింది. ఉద్దానంలో భుజాన పీచు తాడు లేని మగవాడు కనిపిస్తాడా? ప్రతివాడూ ఎర్రోడి కంటికి తనను కట్టెయ్యడానికి వచ్చినవాడే. పుండుకు కొబ్బరినూనెలో పసుపు రంగరించి రాశాం. తాడు తీసేసి, పెద్దమ్మ తన పాత చీర చింపి మెడకు మెత్తటి పట్టీ వేసి, దాని కొసతోనే చెట్టుకు కట్టింది. మామగారితో ఆవిడే చెప్పింది, రేపటినుంచి తెల్లారగట్ల కోడలూ నేనూ కుక్కను సముద్రానికి తీసుకెళ్తామని. ఆయన కంచం ముందు నుంచి తలెత్తి, "కుక్కని తిప్పడానికి కోడలు బైటికెల్తే ఊరేటనుకుంటాది అప్పా?" అన్నారు. "ఊర్లోకి ఎవులెల్తన్నారు? సముద్రానికెల్తన్నాం. సముద్రం ఏటీ అనుకోదు," అంది పెద్దమ్మ. ఆవిడ తన ఒడిలో పెరిగిన తమ్ముడితో అలాగే మాట్లాడేది.

మొదటి రోజు ఇసకలో విడిచిపెట్టగానే ఎర్రోడు పరిగెత్తిన పరుగు నేను చచ్చేదాకా మరిచిపోను. అల దాకా పోయి, అల తరుముకొస్తే వెనక్కొచ్చి, ఎండ్రకాయల వెంట పడి, మా చుట్టూ తిరిగి మళ్ళీ పోయాడు. నాలుగు నెలల పరుగు బాకీ ఒక్క పూటలో తీర్చుకుంటున్నట్టు. నేను కూడా పరిగెత్తాను. చీర మోకాళ్ళ దాకా తడిసింది. పెళ్ళయ్యాక నేను గట్టిగా నవ్వింది ఆ రోజే. పెద్దమ్మ విని కూడా విననట్టు నడిచింది.

పరుగుతోనే పని అయిపోతే ఎంత బాగుండు. తాడు భయం అలాగే ఉంది. పెద్దమ్మ ఒక పాత పీచు తాడు ముక్కను ఉప్పుచేపల బుట్టలో మూడు రోజులు పెట్టి తెచ్చింది. ఆ వాసనకు ఎర్రోడు దగ్గరికొచ్చేవాడు, తాడని తెలిసి వెనక్కి పోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. వారం రోజులకు ఒక కొస నోట పెట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. వాడు లాగాడు, నేను లాగాను. కావాలనే ఓడిపోయాను. తాడు గెలుచుకున్నవాడికి ఎంత గర్వమో! తల ఎత్తుకుని దాన్ని ఇసకలో ఈడ్చుకుంటూ రెండు చుట్లు తిరిగి, మళ్ళీ తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. తనను కట్టేసిన తాడు ఆడుకునేది కూడా అవుతుందని వాడికి ఆ రోజు తెలిసింది.

అయినా నేనూ పెద్దమ్మా ఇంటి మనుషులం. బయటివాళ్ళ సంగతేమిటి? ఒడ్డున పెద్దవల లాగేవాళ్ళ దగ్గరికి రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ తీసుకెళ్ళాం. ఇరవయ్యోరోజున వాళ్ళలో ఒకడు తాడు భుజాన వేసుకుని ఎదురుగా రావడంతో ఎర్రోడు వాడి గోచీ పట్టుకున్నాడు. ఒడ్డు ఒడ్డంతా కేకలు. ఇంక అయిపోయిందని నేను ఇసకలో కూలబడి ఏడ్చాను. "నువ్వేడిత్తే కుక్క నేర్సుకుంటాదేటి? లెగు. రేపు మల్లీ మొదట్నుంచి," అంది పెద్దమ్మ. నిజంగానే మొదటినుంచి మొదలుపెట్టాం. దూరం నుంచి, ఒక్కొక్క మనిషి చేతా ఉప్పుచేప ముక్క పెట్టిస్తూ, పేరు పెట్టి పిలిపిస్తూ. జాలరి ఆడవాళ్ళు కూడా వచ్చి పలకరించేవారు. వాళ్ళు ఎర్రోడితో మొదలుపెట్టిన మాటలు నాతో ముగిసేవి. ఎర్రోడికి మనుషులు ఎంత అవసరమో నాకూ అంతే అవసరమని అప్పుడే అర్థమైంది.

ముప్ఫై అయిదో రోజో, ఆరో రోజో. వల బరువుగా వచ్చింది. రెండు వరసల మనుషులూ ఓ, ఓ అంటూ మోకు లాగుతున్నారు. మోకు కొస ఇసకలో పాములా పోతోంది. ఎర్రోడు వెళ్ళి ఆ కొస నోట కరుచుకుని, నాలుగు కాళ్ళూ ఇసకలో తన్నిపెట్టి లాగడం మొదలెట్టాడు. జనం నవ్వారు గానీ లాగడం ఆపలేదు, వాడూ ఆపలేదు. ఆ ఒడ్డున ఒక ఆచారం ఉండేది. దారినపోయేవాడైనా సరే, మోకు మీద చెయ్యి వేస్తే చేపల్లో వాటా ఇవ్వాలి. చేపలు పంచుతూ వల పెద్ద, "సెయ్యేసినోడికి వాటా ఉన్నప్పుడు నోరేసినోడికి నేదేటి?" అని పిడికెడు కవ్వళ్ళ చేపలు తెచ్చి ఎర్రోడి ముందు పోశాడు. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గాలికి ఇసక పడిందని తర్వాత నాకు చెప్పింది.

దింపు రోజు వచ్చింది. చెట్టెక్కేవాణ్ని పెద్దమ్మే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది. మామగారు అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చున్నారు. "ఇప్పు," అంది పెద్దమ్మ. నేను పట్టీ విప్పాను. ఎర్రోడు తిన్నగా అతని దగ్గరికి వెళ్ళాడు. కాటు మచ్చ ఉన్న పిక్కను వాసన చూశాడు. తర్వాత భుజం మీంచి వేలాడుతున్న మోకు కొసను నోట పట్టుకుని గుర్రుమన్నాడు. మామగారు కర్రతో లేచారు. "కొట్టకు మావా!" అని అరిచాను. ఆయన ఎదట నేను గొంతెత్తడం అదే మొదలు. "తాడొగ్గకు బాబూ, లాగు!" అని అతనికి చెప్పాను. భయపడుతూనే లాగాడు. ఎర్రోడూ లాగాడు, తోక ఊడిపోయేటట్టు ఆడిస్తూ. "ఓలమ్మో, ఇదేటి బాబూ, ఈడు నాతో ఆడతన్నాడు!" అని అతను పగలబడి నవ్వాడు. ఆ మధ్యాహ్నానికి తోట సగం దిగిపోయింది.

నాలుగు రోజులు పోయాక సాయంత్రం పెరట్లోకి వెళ్తే, మామగారు పనసచెట్టు కింద ఒంటరిగా పీట వేసుకుని కూర్చున్నారు. చేతిలో తాడు కొస ఉంది. రెండో కొస ఎర్రోడి నోట్లో. "లాగరా. తిండి తిన్లేదేటి? లాగు," అంటున్నారు. నన్ను చూశారు. నేను చూడనట్టు లోపలికి వచ్చేశాను. ఆ తర్వాత ఎర్రోడు బతికిన పదేళ్ళూ ఆ సాయంత్రపు పని ఆయనదే. కాపలా సంగతి అంటారా? ఊరందరినీ ఎరిగిన కుక్కకే ఊరివాడు కానివాడెవడో తెలుస్తుంది. తోటలో ఒక్క కాయ పోలేదు.

ఇవాళ పొద్దున్న నూతి దగ్గర పాత చేదతాడు ముక్క కోసుకుని, వీధి దాటి వ్యాపారి గేటు దగ్గరికి వెళ్ళాను. "మామ్మా, కరుత్తాది!" అని ఆయన పరిగెత్తుకొచ్చాడు. నలభై రోజులు నాకు వదిలెయ్యమన్నాను. ఆనాడు మామగారు గడువు పెట్టారు, రోజులు లెక్కపెట్టుకుంటూ పని చేశాం. ఈనాడు నాకు గడువు పెట్టిన పైవాడు ఎన్ని రోజులో చెప్పడు, అందుకని ఆ వ్యాపారి సరే అనేదాకా కూడా ఆగకుండా తాడు కొస గేటు లోపలికి వేసి, రెండో కొస గట్టిగా పట్టుకున్నాను.