భూమి కింద స్టేషను

మా నాన్న నౌపడ జంక్షన్‌లో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చే లీవరు లాగడం ఆయన పని. ఇంటికొచ్చినా రైలు కబుర్లే. వినీ వినీ అమ్మకు విసుగొచ్చేది.

మా బడిలో విదేశీ పత్రికల కాగితంతో పుస్తకాలకు అట్టలు వేసుకోవడం పెద్ద గొప్ప. నునుపుగా మెరిసే ఆ అట్టలున్న పిల్లల కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అరవైలు ముగుస్తున్న రోజుల్లో, బెల్లం పొట్లాలు కట్టే కొట్లో అలాంటి కాగితం ఒకటి కనబడితే బతిమాలి తెచ్చుకున్నాను. దాని మీద నేల కింద కట్టిన రైలు స్టేషను బొమ్మ. పాలరాతి స్తంభాలు, వరుసగా దీపాలు, అడుగున మాకెవరికీ చదవడం రాని అక్షరాలు.

నాన్న నా అట్ట ఊడదీసి, అన్నం మెతుకులతో గోడకు అంటించాడు. నా ఏడుపు నాదే అయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ బొమ్మ ముందు నిలబెట్టేవాడు. వాన నీరు ఎటు పోతుంది, ఇంజను పొగ ఎటు పోతుంది, పైన ఆవులు తిరుగుతుంటే పట్టాలు అదరవా, ఇవీ ఆయన సందేహాలు. నిజం చెప్పాలంటే, ఆయన్నంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

అప్పట్లో కొండల్లో, చైనా దారే మా దారి అనేవాళ్ళ తిరుగుబాటు నడుస్తోంది. చైనా పేరు వింటే చాలు, పోలీసులు అనుమానించేవారు. మా క్వార్టర్లు సోదా చేయడానికి వచ్చిన రోజు పక్కింటివాళ్ళు కాగితాలన్నీ పొయ్యిలో వేశారు. నాన్న మాత్రం, రైలు బొమ్మలో తప్పేముంటుందని, ఎస్సైని తనే గోడ దగ్గరకు పిలిచి చూపించాడు. ఎస్సై ఆ అక్షరాలు చూసి, ఇది చైనా స్టేషను, ఎవరు తెచ్చారని అడిగాడు.

నేను తలుపు పక్కనే ఉన్నాను. ఇంకాస్త దాని చాటుకు జరిగాను.

"నానే తెచ్చినాను బాబూ," అన్నాడు నాన్న.

మూడు రోజులు ఉంచుకుని వదిలారు. తిరిగొచ్చేసరికి ఆయన కుడిచెయ్యి పైకి లేవడం లేదు. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే చూడలేక పెరట్లోకి పోయాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి వచ్చి పక్కన కూర్చుని, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. చిన్నపిల్లనని వదిలేసేవారేమో అన్నాను.

నాన్న ముద్ద మింగి, నీళ్ళు అడిగి తాగాడు.

"ఆ మర్నాడు నీకు లెక్కల పరీచ్చ ఉన్నాది కదే," అన్నాడు. "రాసినావా?"

రాశానని అబద్ధం చెప్పాను.