కుండ అడుగున

జమ్మలమడుగు మేనత్త అనగానే నాకు ముందు ఆమె చేయి, ఆ చేతిలో పటిక ముక్క గుర్తొస్తాయి. మైలవరం డ్యాం గేట్లు ఎత్తినప్పుడల్లా వాళ్ల కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చేవి. మామ గడ్డం గీసుకుని రుద్దుకునే పటిక వేరు, అత్త నీళ్ల పటిక వేరు. దాన్ని ఎవరూ ముట్టకూడదు. కుండలో దాన్ని మెల్లగా తిప్పి, మూతపెట్టి, దాహమని ఎగబడే మమ్మల్ని ఆపేది.

"కుండ కదిలించొద్దప్పా. తేరుకోనీ."

కాసేపటికి మన్నంతా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటగా నిలిచేవి.

పదో తరగతి చదివే కూతురు జ్వరంతో పోయినప్పుడు, పలకరించడానికి వచ్చినవాళ్లంతా అత్తకు ఆ మాటే చెప్పారు, తేరుకోమని. ఆమె తేరుకుంది. వండింది, పెళ్లిళ్లకు వెళ్లింది, నవ్వింది కూడా. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

చాలా ఏళ్ల తర్వాత, చివరిసారి వెళ్లినప్పుడు, అత్త క్యాను నీళ్లు కుండలో పోసి పటిక తిప్పుతోంది.

"ఇవి తేటగానే ఉండాయి కదత్తా."

"అలవాటు లేప్పా."

ఆ మాటా ఈ మాటా చెబుతూ, "పాప ఉండుంటే ఈపాటికి..." అన్నాను.

చేయి నీళ్లలోనే ఆగిపోయింది. నా వైపు చూడకుండా, మెల్లగా అంది.

"కుండ కదిలించొద్దప్పా."