పసుపు పూసిన టేకు దుంగలు

అప్పట్లో పండగ వస్తోందంటే నాకు ముందే నీరసం వచ్చేది. మగవాళ్ళకు పండగంటే సెలవు, మాకు పండగంటే కడగడం. ఇల్లు కడిగి, వాకిలి కడిగి, గిన్నెలు కడిగి, ఇక మిగిలింది నేనే అనుకునేసరికి సామిల్లు నుంచి పిలుపు వచ్చేది, అక్కడ కూడా కడగాలని. చంద్రగిరి రోడ్డులో ఆ మిల్లులో నాకు కూలి పని. రంపపు పొట్టు ఊడ్చేదాన్ని, దుంగల బెరడు ఒలిచేదాన్ని, గుమాస్తా దుంగలు కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళు నాకు. అక్షరం ముక్క రాదు. (అక్షరాలు వచ్చేసరికి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చేశాయి.)

గుమాస్తాను అందరం అద్దాలన్న అనేవాళ్ళం. మంచి మనిషి, పిరికి మనిషి. అటవీ శాఖ వేలంలో కొన్న టేకు దుంగలు మిల్లుకు రాగానే ఒక్కొక్కటే కొలిచి, దాని మొహం మీద నీలం సుద్దతో నంబరు రాసేవాడు. ఆ నంబరూ, పొడవూ, చుట్టుకొలతా పర్మిట్ కాగితంలో ఎక్కేవి. అడవివాళ్ళు సుత్తితో కొట్టిన ముద్ర అన్ని దుంగలకూ ఒకటే, ఏ దుంగ ఏదో చెప్పేది మాత్రం ఈ నంబరే. కోయకుండా దుంగలుగానే పై ఊళ్ళకు పంపే సరుకైతే, దారిలో చెక్‌పోస్టులో కాగితానికీ దుంగకూ పొంతన కుదరకపోతే దొంగ సరుకు కింద లెక్క. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అంతవరకు నా దృష్టిలో ఆ నీలం గీతలు ఉత్త మురికి.

ఆ ఏడు ఆయుధ పూజకు అద్దాలన్న పుత్తూరులో మామగారింటికి పోయాడు. మేస్త్రీ నాతో, “మే, మిల్లులో ఉండేటివన్నీ కడిగి బొట్లు పెట్టు. ఒక్కటి ఇడిసిపెట్టినా అమ్మోరికి కోపమొస్తాది” అన్నాడు. ఆయన చెప్పింది రంపాల గురించి, గడ్డపారల గురించి. నేను అన్నీ ముగించి వెనక్కి తిరిగితే లారీకి ఎక్కించాల్సిన ముప్పై రెండు దుంగలు వరసగా పడుకుని ఉన్నాయి. కోసే రంపానికి బొట్టు పెట్టి, కోయించుకునే దుంగను వదిలేస్తే ఏం న్యాయం? పీచు తీసుకుని అటూ ఇటూ అరవై నాలుగు మొహాలూ తోమాను. పసుపు పూసి, మూడేసి కుంకుమ బొట్లు పెట్టాను. నడుము విరిగిపోయింది. మేస్త్రీ బొరుగులు నములుతూ వచ్చి చూసి, “పెండ్లికూతుర్ల మాదిరి ఉండాయి గదమే!” అని మెచ్చుకున్నాడు. (ఆయనకూ చదువు రాదు.)

మర్నాడు పొద్దున అద్దాలన్న వచ్చాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“నంబర్లు యాడ పోయినాయి?”

“కడిగేసినానన్నా. శానా మురికిగా ఉన్నింటే...”

ఆయన పొట్టు కుప్ప మీద కూలబడ్డాడు. పర్మిట్ గడువు ఆ సాయంత్రం ఆరు దాకానే. ఆలోగా లారీ తడ చెక్‌పోస్టు దాటాలి. సంతకం ఆయనది కాబట్టి సరుకు ఆగిపోతే ఓనరు మొదట ఇంటికి పంపేది ఆయన్నే. “ఉద్యోగం పోతే మళ్ళా మా మామ అంగట్లో కూసోవల్లమే. నిన్న పండగ పూట గూడా ‘ఎప్పుడొస్తావబ్బా గల్లాకి’ అని అడిగినాడు” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఇంక దారి ఒకటే. మళ్ళీ కొలవడం. మనుషులు గడ్డపారలతో దొర్లిస్తుంటే ఆయన ఒక కొస, నేను ఒక కొస. వంగడం, లేవడం, వంగడం. కొలత చెబితే ఆయన చిట్టాలో వెతికి నంబరు తేల్చడం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇరవై తొమ్మిది తేలాయి. మూడు తేలలేదు. మూడింటి పొడవూ ఒకటే, చుట్టుకొలతా ఒకటే. అయితే ఏ నంబరు రాస్తే ఏమని అడిగితే, తప్పు నంబరు రాసి జైలుకు పోనన్నాడు ఆ పిరికి మనిషి.

“ఇది నాకు తెలుసన్నా” అన్నాను ఒకదాన్ని చూపించి. “దీన్ని కొలిసేటప్పుడే నన్ను గండుచీమ కుట్టింది. టేపు ఇడిసిపెట్టొద్దని నువ్వు అరిసినావు. తొర్ర ఉండాది సూడు.”

“చీమ కుట్టిందని పర్మిట్‌లో రాసుకోమంటావా? ఎన్నో దుంగ సెప్పు.”

“టీ తాగినాక రెండోది.”

చిట్టా తిప్పాడు. పదిహేడో నంబరు పక్కన టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. అయితే చీమ దుంగ పందొమ్మిది! ఆ నంబరుకు రాసిన కొలతలూ సరిపోయాయి. ఆయన మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

“ఆ ఇంకోటి?”

“మీ మామ సైకిలేసుకుని వస్తే నువ్వు దాని ఎనకాలే గదన్నా దాక్కునింది. ఆపొద్దు దాంతోనే కొలతలు ఆపేసినాము.”

“మెల్లిగా సెప్పుమే!” అన్నాడు. మనుషులంతా గడ్డపారలు వదిలేసి నవ్వారు. చివరిది కాబట్టి ముప్పై రెండు. మిగిలిన ఒక్కదానికి మిగిలిన ఒక్క నంబరు.

తీరా రాయబోతే పసుపు మీద సుద్ద పట్టదు. మళ్ళీ పీచు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నేనే. లారీ కదిలేసరికి ఒంటిగంట దాటింది. అద్దాలన్న కూడా అందులోనే పోయాడు. ఆ రాత్రి ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఎనిమిదింటికి నలిగిన చొక్కాతో వచ్చాడు. ఐదున్నరకు తడ దాటారట. చెక్‌పోస్టాయన నాలుగు దుంగలు కొలిచి, అన్నీ సరిపోయాక, పగుళ్ళలో మిగిలిన పసుపు చూసి, “ఏమప్పా, దీనికి పెండ్లి గానీ చేసినారా?” అన్నాడట. “ఔను సార్, అత్తగారింటికి తోలతాండాము” అన్నాడట ఈయన. అంత పిరికివాడు! తర్వాతి ఏడు ఆయుధ పూజకు మాత్రం పుత్తూరు పోలేదు. పొద్దున్నుంచీ గొడుగు వేసుకుని దుంగల దగ్గరే కూర్చున్నాడు, నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టి.

ఇప్పుడు దుంగలకు ప్లాస్టిక్ బిళ్ళలు కొడుతున్నారట, ఫోను చూపిస్తే ఏ అడవిలోదో చెబుతుందట. మంచిదే, తోమినా పోవు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుంటేనే నాకు నడుము పట్టేసింది. రెండు రోజుల్లో రెండుసార్లు అన్ని దుంగలు తోమిన ఆ పిల్లను తలుచుకుంటే, చెయ్యి పట్టి లాగి, “చాల్లేమే, రొంతసేపు కూసో” అనాలనిపిస్తుంది. కూర్చోదు. దాని సంగతి నాకు తెలుసు.