కనిపించని మూడో పంచె

మా ఊరి వరిచేల మీద ఇప్పుడు డ్రోన్లు మందు కొడుతున్నాయి. ఆ ఘాటు ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు సుబ్బరాజు గారు, ఆయన కిందికి దించకుండా వెనక్కి తిప్పిన విమానం గుర్తుకొస్తాయి.

యుద్ధకాలంలో ఆయన వాయుసేన పైలట్. చిన్న విమానంలో మన మనుషులను రహస్యంగా సరిహద్దు దాటించడం, చెప్పిన రోజున వెళ్లి తీసుకురావడం ఆయన పని. అలా దింపిన వారిలో ఒకతను దారిలో తన టోపీలోనే వాంతి చేసుకుని, దిగేటప్పుడు క్షమించమన్నాడట. పేర్లు అడగకూడదు గనుక ఈయన అడగలేదు. వారం తర్వాత అతని కోసం వెళ్లారు. పొలంలో అతను గుర్తుగా మూడు తెల్లపంచెలు పరిచి ఉంటేనే దిగాలి. తెల్లవారుతుండగా చూస్తే రెండే ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఒక చుట్టు తిరిగి వచ్చేశారు.

రిటైరయ్యాక ఆయన భీమవరం చుట్టుపక్కల చేలకు విమానంలోంచి మందు చల్లేవారు. కొత్త విలేకరిగా వెళ్లి, "యుద్ధంలో పనిచేసిన మీకు ఈ పనేంటండి?" అన్నాను.

"వరికి పట్టే ఈ సుడిదోమ నయమయ్యా, తిరిగి కాల్చదు," అన్నారు.

పంచెల సంగతి చెప్పడానికి మా పరిచయం ఇంకో ఆరేళ్లు ముదరాల్సి వచ్చింది. నేను వెంటనే వ్యాసం రాసి, ఆయన అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. అప్పటికే అతను శత్రువుకు చిక్కాడని ముగించాను.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. అలాగే జరిగుంటుందని..."

"చిక్కితే నేను దిగకపోవడం రైటు. మూడోది గాలికి ఎగిరిపోయుంటే మాత్రం, ఏ చెట్టు చాటునో నుంచుని నేను వెళ్లిపోవడం చూశాడన్నమాట. నువ్వేది చూశావయ్యా?"

"చూడలేదండి. కానీ ఆ మాట మీకు మంచిదే కదండి?"

"అందుకే కొట్టెయ్యమంటున్నాను."

నా కలం తీసుకుని ఆ వాక్యాన్ని తానే కొట్టేశారు. ముగింపు లేదని మా ఎడిటర్ ఆ వ్యాసం వేయలేదు.

తర్వాత ఒకసారి గోదావరిలో పడవ మునిగింది. ఒడ్డున ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "మావోడు ఈదుకుంటా అవతలకి పోయుంటాడని రాయండి బాబూ," అంది. ఆచూకీ తెలియలేదని మాత్రమే రాశాను. అలా రాయడం అప్పుడు తేలిక కాలేదు, ఇప్పటికీ కాదు.

సుబ్బరాజు గారు పోయాక ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని ఢిల్లీలోని వాయుసేన కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు వచ్చింది. వాళ్ల రికార్డుల ప్రకారం ఆ రోజు సరిహద్దు దాటి విమానమేదీ వెళ్లలేదట.