తెల్లమొహం ఆవు, మా అత్తయ్య నడక

ఆఫీసులో సర్వర్లన్నీ ఒకేసారి పడిపోతే లేపడం తేలిక, మా అత్తయ్యను సోఫాలోంచి లేపడం కష్టం. షుగరు తగ్గాలంటే నడవాల్సిందేనని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అమెరికాలో, ఈ షాంటిలీ ఊళ్లో మా ఇంటి చుట్టూ చక్కటి కాలిబాట ఉంది. ఆవిడ నాలుగిళ్లు దాటి వెనక్కి తిరిగేది.

"ఏముందే అమ్మాయ్ చూడ్డానికి? అన్నీ ఒకే రకం ఇళ్లు, ఒకే రకం గడ్డి. మనిషన్నవాడు కనపడడు" అనేది. అందులో అబద్ధం లేదు కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండేది.

శనివారాలు కొన్ని తెలుగు కుటుంబాల వాళ్లం కలిసి నడకకు వెళ్తాం. గంట పైనే పడమటికి డ్రైవ్ చేసి, కొండల వరస దాటి దిగితే అన్నీ పొలాలే. మిట్టలూ పల్లాలుగా పచ్చిక, దాని మధ్య పొడుచుకొచ్చిన తెల్లటి సున్నపురాళ్లు. మేం వాటిని సుద్ద కొండలంటాం. అవి సుద్ద కావని అందరికీ తెలుసు, పేరు మాత్రం ఖాయమైపోయింది. మొక్కజొన్న చేను అంచున మొదలైన దారి, ఎండుగడ్డి చుట్టలు పెట్టిన మడి దాటి, ఒక గేటులోంచి పశువుల మేత భూమి పక్కనుంచి కొండ మీదికి పోతుంది.

ఇక్కడ పొలాల్లో ఎవరు పడితే వాళ్లు నడవడానికి లేదు. ఆ నేలంతా ఒకావిడది. మా గుంపుకి పెద్ద దిక్కైన ఓ రిటైరైన అంకుల్ వెళ్లి మర్యాదగా అడిగితే, శనివారం పొద్దున్న నడవండి అంది. తీసిన గేటు మళ్లీ మూయాలి, పశువుల జోలికి పోకూడదు. అంతకు మించి షరతుల్లేవు.

ఒక శనివారం అత్తయ్యను బలవంతంగా కారెక్కించాను. మామయ్య ఎలాగూ యూట్యూబ్ వదిలి రారు. గేటు దాకా సణుగుతూనే వచ్చింది. గేటు దాటాక కంచె అవతల ఆవులు కనపడ్డాయి, అంతే, మొహం చేటంతైంది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహం ఉన్న ఒకటి నేరుగా కంచె దగ్గరికి నడిచొచ్చింది. అత్తయ్య దాంతో కబుర్లు పెట్టుకుంది. నా మీద చాడీలు కూడా చెప్పిందని నా అనుమానం.

ఇక అప్పట్నుంచి గురువారం వచ్చిందంటే "శనివారం వాన లేదు కదా?" అని ఒకటే ప్రశ్న. ఆవుల దాకా నడిచి, తనూ ఆ తెల్లమొహందీ ముచ్చట్లాడుకున్నాక అక్కడే రాయి మీద కూర్చునేది. అయినా రానూపోనూ బోలెడు దూరం. షుగరు దిగింది. డాక్టర్ మెచ్చుకుంటే ఆ మెప్పు సిగ్గు లేకుండా నేనే తీసుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. ఆ శనివారం నేను వెనక ఎవరితోనో వీసా కబుర్లలో పడిపోయాను. కంచె దగ్గరికి చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆవు తెల్లటి మొహం మీద కాసంత కుంకుమ, కొమ్ముల్లేవు కాబట్టి చెవుల మధ్య పసుపు. అత్తయ్య అరచేతిలో నానబెట్టిన శనగలు, వాటి మీద ఆవు నాలుక.

"అత్తయ్యా! జోలికి పోవద్దన్నారు కదా!"

"నేనెక్కడ పోయాను? అదే వచ్చింది. శ్రావణమాసంలో ఎదురొచ్చిన ముత్తైదువని బొట్టు పెట్టకుండా పంపిస్తామా?"

మధ్యాహ్నం జల్లు పడింది. సాయంత్రం అంకుల్ ఫోన్. పొలం ఆవిడకు దూరం నుంచి ఆవు మొహం మీద నెత్తురు ధారలు కట్టినట్టు కనపడిందట. తోడేళ్లో ఇంకేవో పడ్డాయని తుపాకీ పట్టుకుని పరిగెత్తిందట. ఫొటో తీసి పశువుల డాక్టర్‌కి పంపి, తడిబట్టతో తుడిస్తే బట్టంతా ఎరుపు, గాయం మాత్రం లేదు. మా పనేనని ఆవిడకు అర్థమైపోయింది. ఇక ఎవరూ రావద్దని చెప్పేసింది.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే అత్తయ్య "నా వల్ల అందరికీ నడక పోయిందే" అని చిన్నగా అంది. ఆ గేటు మూసుకుంటే ఈవిడ మళ్లీ సోఫాకి అతుక్కుంటుంది, ఇక లేవదు.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. అత్తయ్య మంచి నేత చీర, దాని కింద స్నీకర్స్. పొలం ఆవిడకి కూడా ఇంచుమించు అదే వయసు. కొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నేను సారీ మొదలుపెట్టానో లేదో, ఆపేసింది.

"అలవాటు లేనివి తిని దాని కడుపు ఉబ్బితే ఏం చేసేవాళ్లు? ఆ రంగు కళ్లలో పడితే?"

"నువ్వు పక్కకి జరుగు" అని అత్తయ్య నన్ను తోసింది. తన నుదుటి బొట్టు మీద వేలు పెట్టి చూపించింది, మేతలో ఉన్న ఆవును చూపించింది, రెండు చేతులూ జోడించింది. "సారీ" అంది. మాకు ఆవు అంటే లక్ష్మి, దేవత అని నేను విడమరిచి చెప్పాను.

పొలం ఆవిడ కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ దేవత పొద్దున్నే నా దాణా బకెట్టు తన్నేసింది" అని నవ్వేసింది. "సరే, నడవండి. చేతులు మాత్రం జేబుల్లో ఉండాలి." చీరకు జేబులుండవని నేను చెప్పలేదు.

గేటు దక్కిందని నేను సంబరపడుతుంటే అత్తయ్య "పాలెన్నిస్తుందో అడుగు" అంది. వాటిని ఎందుకు పెంచుతున్నారో నాకు మొదట్నుంచీ తెలుసు. "తర్వాత అడుగుదాం" అన్నాను. ఆవిడ ఆగుతుందా? "మిల్క్?" అని చేత్తో పితికి చూపించింది.

"నో మిల్క్. బీఫ్" అంది పొలం ఆవిడ, ఉన్నదున్నట్టు.

అది కలవలేదు కదా అని సరుకుల ప్యాకెట్ల మీద వెతికి వెతికి అత్తయ్యకు అన్నిటికన్నా బాగా తెలిసిన ఇంగ్లిష్ మాట అదే. ఆ వారం వాన గురించి అడగలేదు. బతిమాలి తెచ్చుకున్న దారి ఉంది, నడిచే మనిషే లేదనుకున్నాను. దుఃఖమొచ్చింది.

శనివారం పొద్దున్న, పిలవకూడదనుకుంటూనే కిందికి దిగాను. అత్తయ్య స్నీకర్స్ వేసుకుని వంటింట్లో అందరికీ పులిహోర డబ్బాల్లో సర్దుతోంది.

"ఏంటలా చూస్తావ్? టైమవట్లే?"

"వస్తారా అత్తయ్యా?"

"రాకపోతే ఎలా? ఆవిడ బతుకుతెరువు ఆవిడది. పలకరించే మనిషి కూడా లేకుండా చేస్తామా దానికి?"

కంచె దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తెల్లమొహం ఆవు మామూలుగానే నడిచొచ్చింది. అత్తయ్య వంగి దాని చెవి దగ్గర ఏదో అంది. తిరిగొచ్చి కళ్లు తుడుచుకుంది.

"ఏం చెప్పారు?"

"వచ్చే శనివారం నువ్వూ ఉండాలి, నేనూ ఉండాలి అన్నాను."

అని, ఆ రోజు రాయి మీద కూర్చోకుండా, నా కోసం ఆగకుండా, కొండ ఎక్కడం మొదలుపెట్టింది.