చింతపండుతో తోమిన హాలీ రూపాయి

మా అవ్వ పెళ్లిలో వాళ్లమ్మ ఒడిబియ్యంతో పాటు ఒక వెండి రూపాయి పోసింది. నిజాం కాలపు హాలీ సిక్కా. ఒకవైపు చార్మినార్, దాని ద్వారంలో చిన్న ఫార్సీ అక్షరం. అది అప్పటి పాలకుడి పేరులో మొదటి అక్షరమట. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది అని అర్థం. బజారులో దాని నడక ఎప్పుడో ఆగిపోయింది కానీ, మా ఇంట్లో దీపావళి పూజకు లక్ష్మి ముందు కూర్చునేది ఇప్పటికీ అదే.

పూజకు ముందు అవ్వ దాన్ని చింతపండు పెట్టి తోముతుంది. బొటనవేలితో రుద్ది రుద్ది, తళతళలాడేదాకా వదలదు.

"నల్లవడ్డ రూపాయి మీద లక్ష్మి కూసుంటదా?" అంటుంది.

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేసే మా తమ్ముడు పోయినేడు ఫోన్లో ఏదో వీడియో చూసి, అవ్వా నేనూ ఉండే ఇచ్చోడకు ఊడిపడ్డాడు. ద్వారంలో అక్షరం పూర్తిగా కనబడే రూపాయలు అరుదట, లక్షలు పలుకుతాయట. నేను నవ్వాను. అంత సులువైతే ఆ వీడియో చేసినవాడు ఊరందరికీ ఎందుకు చెబుతాడు? తమ్ముడు వింటేగా! అవ్వ మాత్రం మురిసిపోయింది. ఇన్నాళ్లూ కంటికి రెప్పలా కాపాడింది తనే కదా. ముగ్గురం కరీంనగర్‌లో పాత నాణేలు కొనే దుకాణానికి వెళ్లాం.

దుకాణదారు భూతద్దం పెట్టి చూశాడు.

"అక్షరం అరిగింది. మీదంత గీతలు. తోమిన సిక్కను షోకుతోని కొనేటోళ్లు ముట్టరు. వెండి ధర అయితే ఇస్త."

తమ్ముడు అక్కడే అవ్వ మీద విరుచుకుపడ్డాడు. "తోమి తోమి గంగల కలిపినవ్ గదనే!"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. రూపాయి చేతిలోకి తీసుకుని, "అమ్మితె గద ధర! మేం అమ్మం," అని లేచాను. బయటికొచ్చాక వాణ్ణి చెడామడా తిట్టాను. వాడు తల దించుకున్నాడు కానీ, అవ్వ ఇల్లు చేరేదాకా ఆ రూపాయి వంక చూడలేదు. ఆ నాణెం విలువ మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. ఆ అనుమానం అవ్వకు పట్టుకుందే అని నా బాధ.

మొన్న దీపావళికి తమ్ముడు కూడా వచ్చాడు. అవ్వ చింతపండు నానబెట్టి, రూపాయి ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఏమైందే?" అన్నాను.

"ముట్టుకోవాల్నంటె భయమైతుంది బిడ్డా. ఉన్నదన్న ఉండనియ్."

నేను ఏదో అనబోయాను. అంతలో తమ్ముడు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చింతపండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నల్లవడ్డ రూపాయి మీద లక్ష్మి కూసుంటదానె?"

అవ్వ వాడి మొహం చూసింది. తర్వాత ఆమె బొటనవేలు చార్మినార్ మీదికి పోయింది.