రోడ్డు మారిన దుకాణం

మా స్పేర్ పార్ట్స్ కంపెనీలో కమీషన్ ఏర్పాటు సులువుగానే ఉండేది. ఎవరి ఏరియాలో దుకాణం ఉంటే, అక్కడి అమ్మకాల మీద కమీషన్ వాళ్లది. ఆబిడ్స్ మా సీనియర్‌ది, నాంపల్లి నాది. కొత్తగా చేరిన నేను బ్రేక్ షూల సంచి స్కూటీ మీద పెట్టుకుని తిరిగేదాన్ని. ఆడపిల్ల బ్రేకుల గురించి చెబుతుంటే కొందరు నవ్వేవారు, కొందరు చాయ్ తెప్పించేవారు.

ఇంతలో ఆబిడ్స్‌లో పెద్ద గిరాకీ ఉన్న ఒక పెద్దాయన కిరాయి భరించలేక తన దుకాణాన్ని నాంపల్లికి మార్చాడు. గొడవ మొదలైంది.

"పదిహేనేండ్ల సంది నా పార్టీ ఆయన. దుకాణం మారితే మనిషి మారుతడా?" అన్నాడు సీనియర్.

"కాయిదంల ఏరియా అనే రాసిన్రు అన్నా, మనిషి అని రాయలే" అన్నాను.

మా యజమాని ఇద్దరి మాటా విని, "ఆయన ఎవరికి ఆర్డరిస్తే కమీషన్ వాళ్లదే. నన్ను సతాయించకున్రి" అని లేచిపోయాడు.

మర్నాడు దుకాణం తెరవకముందే వెళ్లాను. సీనియర్ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ మరుసటి రోజు ఇంకో అరగంట ముందు వెళ్లాను. అతను అక్కడే ఉన్నాడు! మూడో రోజు పెద్దాయన మమ్మల్ని చూసి పకపకా నవ్వాడు.

"ఏంది, తాళంచెవి మీకే ఇయ్యాల్నా?"

నాకు బ్రేక్ షూలు, అతనికి క్లచ్ వైర్లు పంచి ఆర్డరిచ్చాడు. వారమంతా అలాగే సాగింది. గంటలో సరుకు చేర్చడంలో కూడా పోటీపడ్డాం.

ఒక వానరోజు సీనియర్ రాలేదు. జారిపడి మోకాలికి దెబ్బ తగిలిందట.

"ఇయ్యాల మొత్తం నువ్వే రాసుకో బిడ్డా" అన్నాడు పెద్దాయన.

సంబరంగా పుస్తకం తీశాను కానీ కలం కదలలేదు. సీనియర్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, నీ క్లచ్ వైర్లు ఎన్ని రాయాలె?"

"నలబై రాయి. పాత బండ్ల సైజు గూడ అడుగు. ఆయన మరిచిపోతడు, మనమే యాది చెయ్యాలె" అన్నాడు.

అడిగాను. పెద్దాయన తల కొట్టుకుని ఇంకో డజను రాయించాడు.

మోకాలికి పట్టీతో తిరిగి వచ్చిన రోజే సీనియర్ యజమాని దగ్గరకు వెళ్లి, ఆ దుకాణం కమీషన్ చెరిసగం అని కాగితంలో రాయించాడు. ఆ తర్వాత ఒకసారి తన పాత మిత్రుడి దుకాణానికని నన్ను కాచిగూడ తీసుకెళ్లాడు.

"మా చెల్లె. గేర్ల సంగతి నాకన్న మంచిగ ఎరుక" అని పరిచయం చేశాడు.

పచ్చి అబద్ధం. నాకు గేర్ల గురించి ఓనమాలు కూడా రావు. సాయంత్రం గోదాంకు వెళ్లి గేర్ల డబ్బా ఒకటి విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాను.